కందకుర్తిలో చెప్పిన పేరు

చాలా ఏండ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మొదట్లో అది అబద్ధమని కూడా ఒప్పుకోలేదు. నేనన్న ప్రతి మాటా నిజమే, విన్నవాడు తప్పుగా వింటే నాదేం పోయిందని నాకు నేనే వాదించుకున్నాను, నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. ఆ తీర్పు నిలవలేదు. మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ల ముందు ఈ సంగతి నా నోటికి రాదు.

ఒకటి ముందే చెప్పాలి. మంచివాడినని అనిపించుకోవడానికి రాయడం లేదు. నా కోపం చల్లారలేదు. చల్లారాలని కూడా నాకు లేదు.

మాది నిజామాబాద్, ఖిల్లా వెనుక గల్లీ. నేను పాకే వయసులో ఉండగా మా అమ్మ చనిపోయింది. మా అమ్మ అక్క సాయవ్వ, నేను పెద్దవ్వా అని పిలిచే మనిషి, నన్ను తెచ్చి పెంచుకుంది. బీడీలు చుట్టి బతికే మనిషి. నేను అన్నం తినడం నేర్చుకున్నాక ఆమెకు లచ్చక్క పుట్టింది. నాకన్నా చిన్నదే అయినా ఇంటి ఆడబిడ్డ కదా, అక్కా అనే పిలిచేవాణ్ని. ఆ రోజుల్లోనే ఎదురింట్లో అద్దెకున్న ఒక ఆఫీసరు భార్య కాన్పులో కన్నుమూసింది. ఆ పసివాడికి పెద్దవ్వ తన పాలిచ్చింది. ఒక రొమ్ము బిడ్డకు, ఒక రొమ్ము వాడికి. వాడే ప్రభాకర్, పెద్దవ్వకు చిన్నోడు. ఆ పాలు నాకు దక్కలేదు. ఇంత ముసలితనంలో ఈ లెక్క ఎందుకు తీస్తున్నానని మీరు అడగవచ్చు. చిన్నప్పుడు పడిన లెక్క చిన్నప్పుడే తెగాలి. తెగకపోతే మనతో పాటు అదీ ముసలిదవుతుంది.

నేను ఆలస్యంగా బడిలో చేరడం వల్ల ఇద్దరం ఒకే తరగతిలో పడ్డాం. బడిలో ఒక పటాల పుస్తకం ఉండేది, సముద్రాలూ ఓడలూ రంగుల్లో ఉన్నది. దాన్ని చూడటానికే నేను పొద్దున అందరికన్నా ముందు పోయేవాణ్ని. ప్రభాకర్ అందులోని ఓడల బొమ్మలు చింపుకుని పోయాడు. పెద్దసారు అడిగితే నా వైపు చూపించాడు. రోజూ ఆ పుస్తకం ముందర కూర్చునేది నేనే కనుక అందరూ నమ్మారు. పెద్దసారు బెత్తం విరిగేదాకా కొట్టి బడి నుంచి నా పేరు తీసేశారు.

ఆ సాయంత్రం ప్రభాకర్ మా ఇంటికి వచ్చి పెద్దవ్వ ఒడిలో తల పెట్టి, నేనే చింపిన అవ్వా అని ఏడ్చాడు. నేను తలుపు చాటున ఉన్నాను. ఇప్పుడు ఆమె లేస్తుంది, వాడి చెయ్యి పట్టుకుని బడికి తీసుకుపోతుంది, నా పేరు మళ్లీ రాయిస్తుంది అనుకున్నాను. ఆమె లేచింది. నా దగ్గరికే వచ్చింది.

"నువ్వు ఓర్సుకో బిడ్డా. తెలిస్తే వాళ్ల నాయిన వాని బొక్కలిరగ్గొడ్తడు. వానికి తల్లి లేదు."

నాకూ లేదని ఆమెకు గుర్తు రాలేదు. లేక, నాకు తానే ఉన్నాను కదా అనుకుందా? ఈ రెండో ఆలోచన తట్టడానికి నాకు ఒక జీవితకాలం పట్టింది. తట్టేసరికి ఆలస్యమైపోయింది.

ఆఫీసరుకు బదిలీ అయి ప్రభాకర్ వెళ్లిపోయాడు. చదివాడు, ఇంజనీరు అయ్యాడు. నేను బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో కూలికి చేరాను. చెరుకు బండ్లు దిగే చోట నిలబడి, పొట్లాలు కట్టిన కాగితాలు చదివి, పాత పత్రికలు చదివి, తర్వాత లైబ్రరీ తలుపు తీసేదాకా మెట్ల మీద కూర్చుని చదివి, నాకు నేనే అక్షరాలు దిద్దుకున్నాను. ఫ్యాక్టరీ మూతపడ్డాక మళ్లీ మా గల్లీకే వచ్చాను. చదివిన ప్రతి పుస్తకంలోనూ చిరిగిపోయిన పేజీలే ముందు వెతికేవాణ్ని. ఇది అతిశయం కాదు.

ఇక అసలు సంగతి.

కొన్నేండ్ల కింద, చలికాలం మొదట్లో, ప్రభాకర్ తన భార్య వసంతతో కారులో వచ్చాడు. రిటైరయ్యాడట. పుట్టిన ఊరు ఆమెకు చూపించాలట. ఒకరోజు ఖిల్లా, ఊరు. మర్నాడు బోధన్, అక్కడి నుంచి కందకుర్తి సంగమం. దారి చూపించడానికి నేను వెంట రావాలి. చనువుగా భుజం మీద చెయ్యి వేశాడు. బట్టతల వచ్చిందని నన్ను ఎగతాళి చేశాడు, తనకు అంతకంటే ఎక్కువ వచ్చింది. చాయ తాగుతూ భార్యతో నన్ను పొగిడాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"అవును గని, నువ్వు బడెందుకు మానేసినవ్ రా? మా అందరికంటె మంచిగ సదివేటోనివి గదా."

వాడి కళ్లలోకి చూశాను. నటిస్తున్నాడేమో అని వెతికాను. లేదు. నిజంగా గుర్తు లేదు. నేను అన్నేండ్లు ఎవరి మీద పళ్లు నూరానో, ఆ మనిషి ఆ తప్పు దగ్గర లేనే లేడు. దాన్ని నా ఒక్కడి మీదే వదిలేసి హాయిగా వెళ్లిపోయాడు. క్షమాపణ అడిగి ఉంటే ఏం చేసేవాణ్నో తెలియదు. గుర్తు లేకపోవడాన్ని మాత్రం భరించలేకపోయాను. ఇంట్ల పరిస్థితులు బాగలేక అన్నాను. పాపం అన్నాడు. పాపం!

అప్పుడే వాడు వాకిలికి ఆవలి గదికేసి చూశాడు.

"అవ్వ ఏది? తాళమేసి ఉంది?"

"అవ్వ పోయింది," అన్నాను.

నా మీద ఒట్టు, ఆ మాట మామూలుగానే వచ్చింది. మా దిక్కు పక్క గల్లీకి పోయినా పోయింది అంటాం, పైలోకానికి పోయినా పోయింది అంటాం. పెద్దవ్వకు చూపు తగ్గితే అంతకు ముందటి ఏడు లచ్చక్క వచ్చి తన అత్తగారి ఊరు రెంజల్‌కు తోలుకుపోయింది. రెంజల్‌లో బిడ్డ దగ్గర ఉంది అని తర్వాతి మాట చెప్పబోయాను. వాడు గడప మీద కూలబడ్డాడు. నోరు తెరిచి ఉంది. ఆ ముఖం చూశాక నా తర్వాతి మాట నోట్లోనే ఆగింది. ఆగిందా, ఆపానా? ఆపాను.

"ఎప్పుడు?" అన్నాడు.

"పోయినేడు. వానలు పడక ముందు."

"బాధ పడ్డదా?"

"ఏడ్చింది. ఈ ఇల్లు ఇడిసి పోవుడంటె మాటలా."

"దగ్గర ఎవరున్నరు?"

"లచ్చక్క ఉండె. నేనుంటి."

"నా పేరు తీసిందా?"

"తీసింది."

చూశారా, ఒక్క అబద్ధం లేదు. రెంజల్ జీపు ఎక్కేటప్పుడు పెద్దవ్వ ఏడ్చింది. చిన్నోడు ఎప్పుడన్న వస్తే నేను రెంజల్‌ల ఉన్నానని చెప్పు బిడ్డా, అని నాతో అన్నది. అన్నీ నిజాలే. నిజాలన్నీ ఏరి ఏరి వాడి గుండె మీద పెట్టాను. లచ్చక్క ఎక్కడ ఉందని అడిగాడు. అత్తగారి ఊళ్లో అన్నాను. ఊరి పేరు అడగలేదు, చెప్పలేదు. వాడు ఏడుస్తుంటే నాకు లోపల చల్లగా అనిపించింది. ఇన్నేండ్లకు వాడి నుంచి కూడా ఏదో ఒక పేజీ చింపాను.

ఆ పూట ఖిల్లా ఎక్కాం. పైన రామాలయం చూపించాను. నిజాం కాలంలో మనుషులను పెట్టిన పాత జైలు గోడలు చూపించాను. వసంత అడిగినవాటికి జవాబులు చెప్పాను. ప్రభాకర్ ఒక మూల నిలబడి కింద మా గల్లీని చూస్తూ ఉండిపోయాడు. చెప్పాలనుకుంటే చెప్పడానికి నాకు ఆ సాయంత్రమంతా ఉంది.

మర్నాడు బోధన్ పోయాం. ఆ ఊరి కథ అందరికీ తెలిసిందే. రాక్షసుడికి ఇంటికొకరు వంతున ఆహారంగా పోవాలి. ఒక ఇంటి వంతు వచ్చినప్పుడు, ఆ ఇంట్లో తలదాచుకున్న తల్లి వాళ్ల కొడుకుకు బదులు తన కొడుకును పంపింది. పాత గుడి స్తంభాల దగ్గర నిలబడి ప్రభాకర్ ఈ కథే భార్యకు చెప్పాడు. ఎంత గొప్ప తల్లో చూడు, పరాయి బిడ్డ కోసం తన బిడ్డను పంపింది, అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. పంపబడ్డ కొడుకును ఎవరైనా ఒక మాట అడిగారా అని అందామనుకున్నాను. అయితే ఆ కథలో కొడుకు బండెడు అన్నం తిని, రాక్షసుణ్ని చంపి తిరిగి వచ్చాడు. నేను చెరుకు బండ్ల దగ్గర నిలబడిపోయాను.

అక్కడే బజార్లో ప్రభాకర్ నువ్వులు కొన్నాడు. సంగమంలో అవ్వకు నీళ్లు వదులుతానన్నాడు. నాకు ఊహ తెలియకముందే కన్నతల్లికి తండ్రి అన్నీ చేశాడు, ఈ తల్లికైనా నా చేతులతో చెయ్యాలి, అన్నాడు. బతికున్న మనిషికి నీళ్లు వదలడం! అప్పుడైనా ఆపవలసింది. ఆపితే నిన్నటిదంతా చెప్పాలి. ఎందుకు చేశావంటే బడి సంగతి చెప్పాలి. వాడు, అరే అంత చిన్న విషయమా, అంటాడు. ఆ మాట వినలేను. పెద్దవ్వకు అరిష్టం జరిగినా సరే, ఆ మాట వినలేను. నేను అంతటివాణ్ని.

కందకుర్తి దారిలోనే రెంజల్. తలనొప్పిగా ఉంది, ఒక చాయ దొరుకుతుందా అని వసంత అడిగింది. వాళ్లను కారులోనే ఉండమని నేను దిగాను. హోటల్‌వాడు నన్ను గుర్తుపట్టి, పెద్దవ్వ కాడికే వచ్చినవా, పొద్దున ఎండల కూసున్నది, అన్నాడు. కాదు, చుట్టాలను సంగమానికి తీసుకపోతున్న, అన్నాను. హోటల్ పక్క సందులో నాలుగిండ్లు దాటితే ఆమె. చాటలో ఆకు పెట్టుకుని, చూపు లేకపోయినా వేళ్లతోనే తడిమి బీడీలు చుట్టుకుంటూ ఉంటుంది. నేను చాయ గ్లాసులు పట్టుకుని కారు దగ్గరికి నడిచాను. ఒక్క చుక్క కూడా ఒలకలేదు. ఆ సంగతే నన్ను ఇప్పుడు ఎక్కువ బాధపెడుతుంది.

సంగమం దగ్గర నీళ్లు పలచగా ఉన్నాయి. ప్రభాకర్ మునిగి తడిబట్టతో వచ్చి కూర్చున్నాడు. ఒడ్డున తంతు చేయించే అయ్యవారు దర్భ వేలికి పెట్టించి, పోయినవారి పేరు చెప్పమన్నాడు.

ప్రభాకర్ అవ్వ అన్నాడు. అవ్వ కాదు, పేరు కావాలి అన్నాడు అయ్యవారు. వాడికి తెలియదు. ఆమె పాలు తాగాడు, ఆమె పేరు ఏనాడూ అడగలేదు. తల తిప్పి నా వైపు చూశాడు.

నాకు మళ్లీ మండింది. పేరు కూడా తెలియనివాడి కోసమా నన్ను ఓర్చుకోమన్నది?

"సాయవ్వ," అన్నాను.

వాడు సాయవ్వ అని పలికి నువ్వులతో నీళ్లు వదిలాడు. ఒకసారి కాదు. అయ్యవారు చెప్పినన్నిసార్లు.

పోయింది అన్న మాట నోరు జారిందని అనుకోవచ్చు. తర్వాతి జవాబులు తెలివి అనుకోవచ్చు. ఈ పేరుకు మాత్రం నా దగ్గర ఏ వాదనా లేదు. నన్ను పెంచిన మనిషిని, ఎండకు కూర్చున్న మనిషిని, నోరారా చనిపోయినవాళ్లలో కలిపాను.

వాళ్లు హైదరాబాద్ వెళ్లిపోయారు. తర్వాత నేను రెంజల్ పోయినప్పుడల్లా పెద్దవ్వ, చిన్నోడు ఇటు దిక్కు వచ్చిండా అని అడిగేది. రాలేదు అనేవాణ్ని. ఇక నిజాలు ఏరే కష్టం కూడా పడలేదు. ఒకసారి ఆమె నా చెయ్యి వెతికి పట్టుకుంది.

"పాలు తాగినోడు మరిసిండు. నువ్వే నా కొడుకువు రా."

పుట్టినప్పటి నుంచి నేను వినాలనుకున్న మాట అది. విన్నాను. సంతోషపడ్డాను కూడా, దాచను. ఆ మాట దొంగిలించి తెచ్చుకున్నానని తెలిసీ సంతోషపడ్డాను.

ఆమె నిజంగానే కన్నుమూసిన రోజు లచ్చక్క, ప్రభాకర్‌కు కబురు చెయ్యి అన్నది. ఫోను నంబరు లేదన్నాను. ఉంది. ప్రతి పెత్రమాసకు, అదే పెద్దల అమావాస్యకు, వాడే ఫోన్ చేస్తాడు, అవ్వ పేరు మీద బియ్యం ఇచ్చిన అని చెప్పడానికి. ఆమె బతికి అన్నం తింటున్న ఏండ్లలోనూ ఇచ్చాడు, ఇప్పుడూ ఇస్తున్నాడు. మంచిపని చేసినవ్ అంటాను.

వాడు నాకు చేసినదానికి వాడి మీద నాకు జాలి లేదు. కానీ ఆమె ఏం చేసింది? ఒక పిల్లవాడికి దెబ్బలు తప్పించడానికి ఇంకొక పిల్లవాణ్ని ఓర్చుకోమన్నది. దానికి శిక్ష, కొడుకులాంటివాడు మరిచిపోయాడని అనుకుంటూ చావడమా? ఆ శిక్ష వేసింది నేను. నన్ను కొట్టిన బెత్తం ఒక్కరోజులో విరిగింది. నాది విరగలేదు.

ప్రభాకర్‌కు చెప్పే ధైర్యం వస్తుందని నేను మాట ఇవ్వలేను. మిమ్మల్ని క్షమించమని అడగను. అడగవలసిన మనిషి లేదు, ఉన్న మనిషిని అడగడానికి నా నోరు రాదు. ఇంతకాలం ఈ బరువును ఒక్కణ్నే ఎత్తుకుని తిరిగాను. ఇంతదాకా చదివారు కదా, ఇప్పుడు ఒక కొస మీ చేతిలో ఉంది. నా భుజానికి ఆ తేడా తెలుస్తోంది.