వార్నింగులు బంద్ చేసిన రోజు

సోమవారం పొద్దున మదీనాగూడలో కూరగాయలు కొంటుంటే ఫోనొచ్చింది. పాత ఆఫీసు స్నేహితురాలు. "మన సార్ పోయారే" అంది. గుండెపోటట. బెండకాయలు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఏడ్చాను కూడా. కానీ ఇల్లు చేరేసరికి ఆయన గురించి ఎవరికైనా గబగబా చెప్పేయాలని ఒకటే ఆత్రం. చావు కబురు విని ఈ హుషారేమిటి అనుకోకండి. ఆయన్ని తలుచుకుంటే అంతే మరి!

తొంభైల చివరి మాట. నేను తెనాలి పిల్లని, కూకట్‌పల్లి హాస్టల్లో ఉండేదాన్ని. బండలు పేల్చి కట్టిన కొత్త భవనంలో నా మొదటి ఉద్యోగం. సార్ మా టీం పెద్ద. ఆఫీసు పక్కనే ఉన్న కొత్తగూడలో పుట్టిన మనిషి. "గీ రోడ్డున్న కాడ మా జొన్నచేను ఉండె బిడ్డా" అనేవారు. బయట బండలు పేలి అద్దాలు దడదడలాడినా తలెత్తేవారు కాదు.

మనం రాసిన ప్రోగ్రాంని యంత్రం భాషలోకి మార్చేది కంపైలర్. ఎక్కడైనా తేడాగా ఉంటే ఒక వార్నింగ్ పడేస్తుంది. పని ఆపదు, ఓసారి చూసుకో అంటుందంతే. అవసరం లేదనిపిస్తే దాన్ని బంద్ చేయొచ్చు. సార్ పద్ధతి ఒకటే. "ఏ రెండు లైన్లకు కావాల్నో ఆ రెండింటికే బంద్ చెయ్. తర్వాత మళ్ల చాలూ చెయ్." బంద్ చేసినవాళ్లు టీ వేళకి లేచి నిలబడి, ఎందుకు చేశారో అందరికీ చెప్పాలి. అందరూ ప్రశ్నలు వేస్తారు. అమ్మో, నాకు ప్రాణం పోయేది!

ఒకరోజు సాయంత్రం నాలుక్కి మా ప్రోగ్రాం క్లయింటుకి పంపాలి. ఓ పెద్ద దవాఖాన కోసం చేసింది. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, ఆ వారమే సార్ సంతకం పెట్టాలి. నా ఫైల్లోనూ అమాయకపు వార్నింగ్ ఒకటి మిగిలింది. నిలబడి చెప్పడానికి సిగ్గేసి, ముందురోజు రాత్రి ఎవరి కంటా పడకుండా, అందరి ఫైళ్లూ వాడుకునే ఉమ్మడి ఫైలు మొదట్లో ఒక లైను రాశాను. ఆ రకం వార్నింగులు మొత్తం ప్రోగ్రాంలోనే బంద్! నాదొక్కటే పోతుందనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

పొద్దున కంపైల్ చేస్తే సున్నా వార్నింగులు. అందరూ చప్పట్లు, ఉస్మానియా బిస్కెట్లు. సార్ మాత్రం కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి స్క్రీన్ దగ్గరికి వంగారు.

"నిన్నటిదాకా మొత్తుకున్నది ఇయ్యాల గప్‌చుప్ అయిందేంది? ఇంట్ల పిల్లల చప్పుడు లేదంటే, జర పోయి సూడాలె."

ఉద్యోగం పోతే పోయింది అనుకుని, "నేనే సార్... అందరి ముందు చెప్పాలంటే సిగ్గేసిందండీ" అన్నాను.

తిడతారనుకున్నాను. ఆయన ఆ లైను తీసేసి మళ్లీ కంపైల్ చేశారు. స్క్రీన్ నిండా వార్నింగులు బిలబిలమంటూ వచ్చాయి. "సూడు బిడ్డా, ఎట్ల మాట్లాడుతున్నదో!" అని కుర్చీలోంచి లేచి నిలబడ్డారు, పండగొచ్చినట్టు. ఒక్కోటీ పైకి చదువుతుంటే మేమందరం చుట్టూ మూగాం. ఇది పర్వాలేదు, ఇది పర్వాలేదు... ఒకచోట ఆగిపోయారు.

రోగికి రోజంతా ఎక్కిన సెలైన్ కూడేచోట పెద్ద అంకెని చిన్న అంకెకే సరిపోయే చోట కుక్కాం. సార్ పెద్ద అంకె వేసి నడిపి చూశారు. చోటు చాలక మొత్తం మైనస్‌లో వచ్చింది!

"నర్సమ్మ ఇది సూసి, తక్కువెక్కిందనుకొని ఇంకో సీసా పెడితే?" అన్నారు సార్ మెల్లగా. ఆ ప్రశ్న ఇప్పటికీ నా వెంటే ఉంది. ఏ వార్నింగ్ బంద్ చేయబోయినా, ఎవరో నర్సమ్మ సీసా పట్టుకుని నా పక్కన నిలబడినట్టే ఉంటుంది.

నన్నే ఆ లెక్క సరిచేయమని కూర్చోబెట్టి, ఆయన క్లయింటుకి ఫోన్ చేశారు. పొరపాటు దొరికిందనీ, ఇవాళ పంపలేమనీ చెప్పారు. అటువైపు అరుపులు నాదాకా వినబడుతున్నాయి. ఎవరు చేశారని అడిగినట్టున్నారు.

"మా టీం చేసింది. అంటే నేను చేసిన" అన్నారు సార్.

నా చేతులు ఆగిపోయాయి. కళ్ల నీళ్లలో అక్షరాలు అలుక్కుపోయాయి. తలెత్తి చూశాను. అరుపులకి ఫోన్ చెవికి జానెడు దూరంలో పట్టుకుని, రెండో చేత్తో నాకేసి గాల్లో టైపు చేసి చూపిస్తున్నారాయన. కానియ్ బిడ్డా, కానియ్ అన్నట్టు, నవ్వుతూ.