మా బావ తీసుకోని సెలవు

మొన్న ఒకరోజు బడి అయిపోయాక సంతకాల రిజిస్టరు తిరగేస్తుంటే, కిందటి నెలలో ఒక గురువారం నాడు నా పేరుకు ఎదురుగా ఎర్ర సిరాతో ‘సెలవు’ అని రాసి కనిపించింది. ఆ గురువారం నాకు బాగా గుర్తు. ఆరో తరగతి పిల్లలకు సంధులు చెప్పీ చెప్పీ గొంతు పోగొట్టుకుని, ఇంటికెళ్ళి ఉప్పునీళ్ళు పుక్కిలించిన రోజు అది. క్లర్కును అడిగితే ఆయన నవ్వి, ఒక్క రోజే కదా మాస్తర్, పోనివ్వండి అన్నాడు. నేను పోనివ్వలేదు. హెడ్మాస్టరు చేత దిద్దించి, పక్కన సంతకం పెట్టించాకే బస్సెక్కాను. సూరత్‌లో తెలుగు మీడియం బడే ఒక వింత, అందులో తెలుగు సారు ఇంకో వింత. యాభైకి దగ్గర పడ్డాక ఆ వింతకు చాదస్తం కూడా తోడైందని స్టాఫ్ రూములో అనుకునే ఉంటారు. వాళ్ళకు మా బావ సంగతి తెలియదు.

బావ అంటే మా అక్క భర్త. ఉత్తర తెలంగాణలో మావి నేతపని ఇళ్ళు. కనీసం ఒక్కరైనా సూరత్ బండెక్కని ఇల్లు మా వాడలో లేదు. ఇక్కడికొచ్చి సాంచాలు నడపడమే మావాళ్ళ పని. సాంచాలంటే మరమగ్గాలే, కానీ అంత పెద్దమాట మాలో ఎవరూ వాడరు. ఆ సాంచాల చప్పుడు తప్పించుకోవాలనే బావ మీసం సరిగా రాకముందే ఫౌజులో చేరాడు. పదిహేడేళ్ళు లారీ నడిపాడు. తీరా రిటైరయ్యాక, కూతురి చదువు కోసం ఎక్కడి నుంచి పారిపోయాడో అక్కడికే వచ్చి, ఊరి శివారు సచిన్‌లో ఒక సాంచాల షెడ్డులో చేరి, భేస్తాన్‌లో రెండు గదుల ఇల్లు తీసుకున్నాడు. షెడ్డుకు పోయేటప్పుడు కూడా చొక్కాకు ఇస్త్రీ ఉండాలి, బూట్లకు పాలిష్ ఉండాలి. షెడ్డులో అడుగు పెట్టిన పది నిమిషాలకే నూలు నూగు రాలి ఆ బూట్లు తెల్లబడేవి. సాయంత్రం గడప మీద కూచుని మళ్ళీ తుడుచుకునేవాడు. లారీ ఇంజను సగం, సాంచాలు సగం పంచుకుని ఆయన చెవుల్ని మందగింపజేశాయి. అందుకని చాయ్ అడిగినా పరేడ్ మైదానంలో ఆర్డరిచ్చినట్టే ఉండేది. ఏ రోజు మా అక్క ఏం కూర వండిందో గల్లీ మొత్తానికి తెలిసేది.

ఏటా జెండా పండుగకు బావ ఫౌజు పతకాలు చొక్కాకు పెట్టుకుని వెళ్ళేవాడు. ఒక ఏడు, పక్క ఫ్యాక్టరీలో సెక్యూరిటీ పని చేసే పాత హవల్దారు ఒకాయన ఆయన ఛాతీ వంక పరీక్షగా చూసి, ఆ కొండల మీద లడాయిలో ఉన్నానంటావు కదా, దాని పతకాలేవీ అని నలుగురిలో అడిగాడు. ఆ యుద్ధంలో పైన ఉన్న ప్రతివాడికీ ఇచ్చారట. బావ ఏదో చెప్పబోయాడు. హవల్దారు మర్యాదస్తుడు, సరే సరేనంటూ తల ఊపాడు. ఆ ఊపడమే బావకు గుచ్చుకుంది. ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చాడు.

“బామ్మర్దీ, నేను అబద్ధం చెప్పినట్లు చూసిండురా ఆయన. దరఖాస్తు రాయి,” అన్నాడు.

రాశాను. అది మొదటిది. దాని వెనక ఎన్ని రాశానో నాకే గుర్తు లేదు. రికార్డు ఆఫీసుకొకటి, సైనిక సంక్షేమ కార్యాలయానికొకటి, పాత యూనిటుకొకటి. జవాబు రాని వాటికి రిమైండర్లు, రిమైండర్లకు రిమైండర్లు. మా మేనకోడలు మార్కెట్లో కంప్యూటర్ పని చేసేది. రోజూ ఫోను చూసి, “మామా, పెండింగే ఛే,” అనేది. ఆ పిల్ల తెలుగులో వాక్యం మొదలుపెట్టి గుజరాతీలో ముగించడం నా ఉద్యోగానికే అవమానమని నేను అనేవాణ్ణి. అక్కకు మాత్రం ఈ వ్యవహారమంతా చిరాకుగా ఉండేది. “రేకుబిళ్ళల కోసం ఇద్దరు మొగోళ్ళు ఇంత తిప్పల పడుడేంది? అవి పెట్టుకుంటే సాంచా జల్ది నడుస్తదా?” అని నవ్వేది.

ఆ నవ్వు వెనక ఒక పాత సంగతి ఉంది. అది ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. ఆ యుద్ధం వచ్చిన ఏడు బావకు అరవై రోజుల సెలవు మంజూరైంది. మా అక్కకు నెలలు నిండుతున్నాయి. తొలికాన్పు కనుక అమ్మ మా ఊరికి తెచ్చి మా ఇంట్లోనే ఉంచుకుంది. బావ ట్రంకు పెట్టె సర్దుకుని, ఫౌజు లారీలో కొండలు దిగి, రైల్వే స్టేషను దాకా వచ్చాడు. ఇంతలో ప్లాట్‌ఫారం మీదికి సుబేదారు ఒకాయన వచ్చి, మీలో డ్రైవర్లెవరని కేకేశాడు. బావ చెయ్యెత్తాడు. ఎత్తకపోతే ఎవరికీ తెలిసేది కాదు. పక్కవాళ్ళు కొందరు ఎత్తలేదు కూడా. ఎత్తినవాళ్ళను అదే లారీలో వెనక్కి తీసుకుపోయారు. రెండు నెలలకు పైగా, గుండ్లు పడే రోడ్డు మీద మందుగుండు మోశాడు.

మా ఊళ్ళో ఆడపిల్ల పుట్టింది. తొమ్మిది రోజులు బతికింది. పేరు పెట్టే రోజు దాకా కూడా ఆగలేదు. ఆ తొమ్మిది రోజులూ నేను ఇంట్లోనే ఉన్నాను, కాలేజీకి సెలవులు. పదో రోజు తెల్లవారాక నాన్న, నేను ఊరి వెనక గుట్ట కిందికి తీసుకుపోయాం. బావకు నేను రాసిన ఉత్తరం నెల తర్వాత గానీ చేరలేదు. ఆయన ఇంటికొచ్చేసరికి అక్క ఒంటి పచ్చి ఆరిపోయింది. వచ్చినరోజు ఆమె అడిగింది ఒక్కటే: “చెయ్యెందుకెత్తినవ్?” తర్వాత కూతురు పుట్టింది, సంసారం సాగింది, నవ్వులూ తిట్లూ అన్నీ ఉన్నాయి. ఆ ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది.

ఏడాది తిరిగాక రికార్డు ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. ఆదివారం పొద్దున బావ ఆ కవరు విప్పకుండా నాకోసం కూచున్నాడు. అక్క పక్కనే కూరకు గోకరకాయలు తుంచుతోంది. ఇంగ్లీషులో ఉన్న దాన్ని నేను తెలుగులో చెప్పాను. రికార్డు ప్రకారం ఆ అరవై రోజులూ ఈయన సెలవు మీద స్వగ్రామంలో ఉన్నాడు. కాబట్టి పతకాలకు అర్హుడు కాడు. సెలవు మీద వెళ్ళినట్టు ఎక్కించిన క్లర్కు, ఆ సెలవు రద్దయినట్టు ఎక్కించడం మరిచిపోయాడన్నమాట. యుద్ధం హడావుడిలో ఎవరూ పట్టించుకోలేదు.

అక్క చేతిలో గోకరకాయ అలాగే ఆగిపోయింది.

“ఏందీ? మల్లొక్కసారి చెప్పు తమ్మీ.”

చెప్పాను.

“ఇంటికొచ్చిండని రాసిండ్రా?”

“అట్లనే ఉందక్కా.”

“ఎవరింటికొచ్చిండట?”

ఆమె గొంతు పెంచలేదు. “నేను పదిమంది నడుమ ఒక్కదాన్నే పడుంటిని. ఇరవై ఏండ్ల సంది రాలేదని ఈయన్ని అంటున్న. ఇప్పుడు వీళ్ళు వచ్చిండని రాస్తే, నేను అన్నదంతా ఏమైతది?” అని లేచి లోపలికి వెళ్ళింది. బీరువా తెరిచిన చప్పుడైంది. రేషను కార్డూ ఆధారు కార్డులూ దాచే ప్లాస్టిక్ సంచిలోంచి నీలం రంగు ఇన్‌లాండ్ లెటరు ఒకటి తీసుకొచ్చి నా ముందు పెట్టింది. మడతల దగ్గర పొడి రాలుతోంది. బావ చేతి రాత.

బావ ఆ కాగితం వంక, అక్క వంక మార్చి మార్చి చూశాడు. “ఇది పొయ్యిల పెట్టిన అన్నవు గద?”

“అన్న. పెట్టలే,” అంది అక్క.

ఉత్తరంలో నాలుగే వాక్యాలు. సెలవు రద్దయింది, పైకి పోతున్న. నువ్వు రంది పెట్టుకోకు. బిడ్డ పుడితే నీకు నచ్చిన పేరు పెట్టు. నేను వచ్చినంక పిలుస్త. పైన ఫౌజు పోస్టాఫీసు ముద్ర, అందులో తారీకు చక్కగా కనిపిస్తోంది. ఆ తారీకు ఆ అరవై రోజుల లోపలిదే. ఇంట్లో సెలవు మీద ఉన్నవాడు ఫౌజు పోస్టాఫీసులో ఉత్తరం ఎలా వేస్తాడు? నేను గబగబా లెక్క కట్టాను. ఆ రోజుకు పాప పుట్టి నాలుగు రోజులు.

జిరాక్సు తీసి పంపాం. అసలు కాగితం కావాలని జవాబు వచ్చింది. పోస్టులో పంపడానికి అక్క ససేమిరా అంది. “పోస్టుల ఏస్తే పోతది. ఇది నాది. నేనే తీస్కపోయి చూపెట్టి తెచ్చుకుంట.” జన్మలో ఆమె మా ఊరికీ సూరత్‌కూ మధ్య తప్ప వేరే రైలెక్కలేదు. ముగ్గురం రెండు రోజులు ప్రయాణం చేసి రికార్డు ఆఫీసు ఉన్న ఊరు చేరాం. దారి పొడుగునా ఆమె ఆ సంచిని ఒళ్ళోంచి దించలేదు. బావ నీళ్ళ సీసాలు నింపుకొస్తూ, పల్లీలు కొనిపెడుతూ, కొత్తగా పెళ్ళైనవాడిలా సేవలు చేశాడు. ఆమె పల్లీలు తింది గానీ ఆయనతో పెద్దగా మాట్లాడలేదు.

ఆఫీసులో మా కాగితాలు చూసింది నడివయసు సుబేదారు. మంచివాడే, విసిగిపోయినవాడు. భార్య చెప్పే సాక్ష్యం సరిపోదమ్మా అని హిందీలో అన్నాడు. మా అక్కకు సూరత్ కూరగాయల బజారు హిందీ బాగానే వచ్చు. అయినా ఆ క్షణాన ఆమెకు తెలుగే వచ్చింది.

“సారూ, మీ కాయిదంల ఈయన ఇంటికొచ్చిండని ఉంది. రాలే. వస్తే బిడ్డను ఎత్తుకునేటోడు. తొమ్మిది దినాలు బతికింది. దాని మొకం ఈయన చూడలే, ఈయన మొకం అది చూడలే. రానోన్ని వచ్చిండని ఎట్ల రాస్తరు?”

నేను వాక్యం వాక్యం హిందీలోకి మార్చి చెప్పసాగాను. మొకం చూడలేదన్న వాక్యాన్ని మాత్రం రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది. వెనక బావ అటెన్షన్‌లో నిలబడి గోడ వంక చూస్తున్నాడు. ఆయన పతకాల కోసం వచ్చాడు. అక్క అందుకోసం రాలేదని ఆయనకు అక్కడే అర్థమై ఉంటుంది. సుబేదారు కుర్చీలోంచి లేచాడు. ఉత్తరం పట్టుకుని తనే మిషను దగ్గరికెళ్ళి కాపీ తీసుకుని, అసలుది తెచ్చి రెండు చేతులతో అక్కకిచ్చాడు. ఏ లారీ ఎవరు నడిపారో రాసుకునే ఆ రోజుల పుస్తకాలు వెతికిస్తాను, టైం పడుతుందని చెప్పాడు.

పట్టింది. వానాకాలం వెళ్ళి చలికాలం వచ్చాక ఉత్తరం అందింది. లారీ పుస్తకాల్లో బావ సంతకాలు దొరికాయి. సదరు సెలవు రద్దయినట్టుగా రికార్డు సవరించడమైనది. ఇంకో రెండు నెలలకు చిన్న పార్సిలు వచ్చింది. బ్యాండు మేళం లేదు. బావ డ్యూటీలో ఉంటే అక్కే సంతకం పెట్టి తీసుకుంది. సాయంత్రం ఆయన చేతులు రెండుసార్లు కడుక్కుని విప్పాడు. పతకాల అంచున చెక్కిన నంబరూ పేరూ దీపం దగ్గర తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఆ జెండా పండుగకు హవల్దారు దూరం నుంచే చూసి సెల్యూట్ చేశాడట. బావ ఆ కథ మాకు నాలుగుసార్లు చెప్పాడు.

ఒకరోజు భోజనాల దగ్గర నాతో, “బామ్మర్దీ, సెలవు రద్దయిందని వాళ్ళే ఒప్పుకున్నరు. మరి ఆ అరవై దినాలు నాకు మల్ల ఇయ్యాలె గద? ఇంకో దరఖాస్తు రాయి,” అన్నాడు. నేను నవ్వాను. అక్క నవ్వలేదు.

“ఇప్పుడు తీస్కో,” అంది.

సేటు దగ్గర పది రోజులు అడిగి తీసుకున్నాడు. ముగ్గురం ఊరికి వెళ్ళాం. గుట్టను గ్రానైటు కోసం సగం తొలిచేశారు. కింద కొత్తగా రోడ్డు పడింది. నాన్న పోయి చాలా ఏళ్ళయింది, పాపను పూడ్చిన చోటు చూపించగలిగింది నేనొక్కణ్ణే. నాకూ ఖచ్చితంగా తెలియలేదు. తంగేడు పొదల పక్కన ఇంచుమించు ఇక్కడేనన్నాను. బావ నేల మీద కూచుని, అక్క వంక చూడకుండా అడిగాడు.

“ఎట్లుండె?”

ఇన్నేళ్ళలో ఆయన ఆ మాట అడగడం నేను విన్నది అదే మొదటిసారి. అక్క కొంగుతో రాయి తుడుచుకుని పక్కన కూచుంది. “ఎర్రగుండె. పాలు తాగుకుంట తాగుకుంటనే నిద్రపోయేది,” అని మొదలుపెట్టింది. తుమ్మితే ఎలా ఉలిక్కిపడేదో, వేలు ఇస్తే ఎలా పట్టుకునేదో, ఐదోనాడు వాన పడ్డప్పుడు ఎటు తిరిగి చూసిందో, ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. నేను కొంచెం దూరం నడిచి రోడ్డు పక్కన నిలబడ్డాను. ఎండ గుట్ట మీంచి దిగి పొదల మీదికి వచ్చింది, ఆమె ఇంకా చెబుతూనే ఉంది, ఆయన వింటూనే ఉన్నాడు. తొమ్మిది రోజుల్లో అంత కాలం ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.