నీళ్ళ వంతు రోజున పియానో

ప్రొద్దుటూరు హాస్టల్లో చదివే మనవరాలు ఫోన్ చేసి, "రెండింటికి మొదలైతే గంటలో అయిపోతాది, రా అవ్వా" అంది. మద్రాసు నుంచి వచ్చిన ఒకామె పియానో వాయిస్తే, పక్కన నిలబడి పుస్తకంలో కాగితాలు తిప్పే పని దానిది. చూసి, దాన్ని ఇంటికి తీసుకురావచ్చు కదా అని ఒప్పుకున్నాను.

ఆ సాయంత్రం ఐదున్నరకు తొండూరు దగ్గర మా చేనికి నీళ్ళ వంతు. బోరు మాకూ, మా చిన్న తోడికోడలికీ ఉమ్మడి. వంతుకు మనిషి రాకుంటే ఆ నీళ్ళు రెండో వాళ్ళవి. ఆ కట్టుబాటు పెట్టింది నేనే. మళ్ళీ వంతు నాలుగు రోజులకు. నాటి మూడు రోజులైన మిరప నారు అన్నాళ్ళు బతకదు.

పొద్దున బయలుదేరుతుంటే తోడికోడలు అడిగింది.

"మోటారు నేను ఎయ్యాల్నా అక్కా?"

"నువ్వేం ఎయ్యబల్లేదు. టయానికి నేనుంటా."

హాలులో నన్ను ముందు వరుసలో నడిమధ్య కూర్చోబెట్టి, ఫోన్లు ఆపించి, తలుపులు వేశారు. ఉపన్యాసాలన్నీ అయ్యి, మూడింటికి ఆమె వాయించడం మొదలుపెట్టింది. ఉరుములా లేచి, సన్నబడి సన్నబడి ఆగిపోయింది. అయిపోయిందని లేచాను.

పక్కన కూర్చున్న, మనవరాలి బడి పంతులు, "కూర్చోమ్మా. ఇది ఒకటే పాట, నాలుగు భాగాలుంటాయి. ఇంగా మూడుండాయి" అన్నాడు.

"ఒక పాటకు ఇన్నిసార్లు ఆగేదేందప్పా!"

రెండో భాగం మరీ నెమ్మది. ఒక చప్పుడు పూర్తిగా చల్లారేదాకా ఇంకొకటి ముట్టుకోదు. ఎవరిదో చావు కబురు చెప్పడానికి నోరు రాని మనిషిలా ఉంది. గోడ మీద గడియారం మాత్రం ఆగలేదు. బస్సు మూడున్నరకు. సంచి చంకన పెట్టుకుని కదిలాను. కుర్చీ కిర్రుమంది. మనవరాలు తలెత్తి నన్ను చూసింది. అంతలో కాగితం తిప్పాల్సిన చోటు దాటిపోయింది. ఆమే ఒక చేత్తో వాయిస్తూ రెండో చేత్తో తిప్పుకుంది. పిల్ల మొహం నల్లబడింది.

ఇక నేను కదల్లేదు. కాళ్ళు తిమ్మిరెక్కినా కదల్లేదు. మూడున్నర దాటింది.

చివరకు అందరూ లేచి చప్పట్లు కొట్టారు. కొడితే ఇంకొకటి వాయిస్తుందేమోనని నేను చేతులు ముడుచుకున్నాను. అయినా వాయించింది.

నాలుగున్నర బస్సు ముద్దనూరు చేరేసరికి తోడికోడలు ఫోన్ చేసింది.

"అక్కా, ఐదున్నరాయ. మనిషి రాకపాయ. నీళ్ళు నా చేనికి తిప్పుకుంటాండా."

"అడుగవ్వా, ఏం పోతాది" అని పక్క సీట్లో మనవరాలు నా మోచెయ్యి పొడిచింది.

"మా మిరపకు ఇడువు" అన్నాను.

"కట్టుబాటు నీదే గదా?"

"నాదే."

"ఈ పొద్దు నుంచి అది ల్యాదను. ఇడుస్తా."

బస్సు నిండా జనం. ఫోన్లో మోటారు మోత వినిపిస్తోంది.

"ఈ పొద్దు నుంచి ఆ కట్టుబాటు ల్యాదు" అన్నాను.