గుమ్మడి పిందెకు వేలు చూపినందుకు

యాభైలల్ల సంగతి. పెండ్లయి గౌలిపురకు వచ్చిన ఏడాదే, అత్తమ్మ దాచిన బూడిద గుమ్మడి గింజలు నానబెట్టి వంటింటి వెనుక పాదు చేసి పెట్టిన. పక్కింట్ల పాలమ్మేటోళ్లు ఎరువుకు గంపెడు పెండ ఇచ్చిన్రు. రెండు నెలలు తిరిగేసరికి తీగ గూనపెంకల మీదికెక్కి కప్పంతా పరుచుకున్నది. పువ్వులు మస్తు. కాయ మాత్రం లేదు.

మొదటి పిందె కనబడ్డనాడు సంబరంగా వేలెత్తి చూపిన. అత్తమ్మ నా చేతి మీద ఒక్కటేసింది. పిందెకు వేలు చూపితే కుళ్లి రాలుతదట, చూపాలంటే వేలు మడిచి చూపాలెనట. నేనూరుకునే రకమా? కాలేజీల చెట్ల శాస్త్రం చదివినదాన్ని. వేలుకూ పిందెకూ సంబంధమేందో చెప్పమని వాదన పెట్టుకున్న. వాదనకు బలముండాలని మరో రెండుసార్లు చూపిన గూడ.

నాలుగో రోజుకు పిందె పసుపెక్కి రాలింది. దాని వెనుక ఇంకో రెండు. అత్తమ్మ వాటిని ఏరి, నా కత్తిపీట పక్కన వరుసగా పెట్టింది. ఇదేం న్యాయమని మా ఆయననడిగితే, చాయ్ అయిందా అన్నడు. ఏ లొల్లికైనా ఆయన తీర్పు అదే.

చివరికి అత్తమ్మే తీర్పిచ్చింది. "వచ్చే అమాస దాంక చూస్త. ఒక్క కాయ నిలవకపోతే తీగ పీకి చిక్కుడు పెడ్త. నీ కాలేజీ గూడ అడ్డం రాదు."

చదివిన శాస్త్రాన్ని వాదనకే తప్ప పనికి వాడలేదని అప్పుడు తట్టింది. పుప్పొడి అందకుంటే పిందె రాలుతది. తెల్లారంగనే నిచ్చెనేసుకొని ఎక్కిన. మగపువ్వు తెంపి, రెక్కలు తీసేసి, దాని పుప్పొడి ఆడపువ్వుకు అద్దిన. వారం రోజులు అదే పని. కింద అత్తమ్మ, పువ్వులకు పెండ్లి చేస్తున్నవా, ముహూర్తం చూసినవా అని ఎగతాళి చేసేది. పట్టుకున్న నిచ్చెనను మాత్రం ఆమె వదలలేదు.

ఒక్క పిందె నిలిచింది. నిమ్మకాయంత అయింది, కొబ్బరికాయంత అయింది. అమాస నాడు పాలామె వచ్చి, కాయ ఎక్కడుందక్కా అని అడిగింది. చూపుదామని చెయ్యెత్తిన. ఎత్తి, అటు కాయను చూసిన, ఇటు అత్తమ్మను చూసిన. వేలు దానంతటదే మడుచుకున్నది.

"ఇదేం శాస్త్రం బిడ్డా?" అన్నది అత్తమ్మ.

"వేలు పట్టేసింది అత్తమ్మా," అన్న.

ఆ పట్టేసిన వేలు, కాయ మీద బూడిద తేలి, తెల్లబడి, కోసేదాంక తిన్నగ కాలేదు.