నక్కల కోసం కట్టిన కెమెరా

షామీర్‌పేట, మేడ్చల్ మధ్య మిగిలిన చిట్టడవుల్లో నక్కలు ఎన్ని ఉన్నాయో తేల్చడం మా పని. ఏ పులి చారలు ఆ పులివే కాబట్టి పులులను గుర్తుపట్టి లెక్కేయొచ్చు. నక్కలన్నీ ఒకేలా కనిపిస్తాయి. అందుకే చెట్లకు కెమెరాలు కట్టి, ఎక్కడ ఎన్నిసార్లు పడుతున్నాయో చూసి అంచనా వేస్తాం. ఒంట్లో వేడి ఉన్నదేది ఎదురుగా కదిలినా ఆ కెమెరా ఫొటో తీస్తుంది.

రావల్కోల్ అవతల గుట్ట వెనక ఒకటి కట్టాను. కొన్నాళ్లకు ఆఫీసులో అందరం కూర్చుని ఫొటోలు తెర మీద వేసుకుని చూస్తున్నాం. కుందేలు, ముంగిస, నెమలి. తర్వాత ఒక అమ్మాయి. కట్టెల మోపు పక్కన దించి, ఫోను బండకు ఆనించి, కళ్లు మూసుకుని డాన్సు చేస్తోంది. వరసగా ఎన్నో ఫొటోలు. మాలో ఒకతను వాటిని సినిమాలా గబగబా తిప్పాడు. గది గొల్లుమంది. నేనూ పడీపడీ నవ్వాను. ఆ ఫొటోలకు ‘మనుషుల అలజడి’ అని గుర్తు పెట్టి ముందుకు పోయాం.

మళ్లీ కెమెరాలో ఫొటోలుండే కార్డు మార్చడానికి వెళ్తే, ఆ అమ్మాయే కెమెరా ముందు నిలబడి ఉంది. మెడలో పసుపు వదలని పుస్తెలతాడు.

“అక్కా, గీ డబ్బ నువ్వు వెట్టినవా? ఏంది గిది?”

“నక్కల ఫొటోలు తీస్తుంది.”

“మనుషులు వడరా అండ్ల?”

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఆమె మొహం చూసి ఆడలేకపోయాను.

“పడతారు. నువ్వూ పడ్డావు.”

“నేను ఎగిరింది గూడనా?”

తలూపాను. ఆమె కొంగు ముందుకు లాక్కుంది.

“మా అత్తకు దెలిస్తే సంపుతది. మొగోళ్లు గిట్ల జూసిన్రా?”

“చూశారు.”

“నవ్విన్రా?”

 పట్టీ విప్పి కెమెరా తీసేశాను. కార్డులో ఉన్నవన్నీ ఆమె ఎదురుగానే తుడిచేశాను. ఆఫీసులోవి కూడా ఆ రోజే తీసేయిస్తానన్నాను. ఆమె మోపు దగ్గరికి నడిచింది. నేను తలకెత్తబోతే, “వద్దక్కా, జరుగు,” అంది. మోకాలి మీద నిలిపి, తనే ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఫొటోలు తీసేయించాను. ఇప్పుడు కెమెరా కట్టే ముందు ఊళ్లో ఆడవాళ్లను అడుగుతున్నాం. వాళ్లు కొన్ని చోట్లు వద్దంటారు. ఎందుకని అడగం. రావల్కోల్‌లో అలా అడుగుతున్నప్పుడు ఆ గుంపులో ఆమె కూడా ఉంది. నన్ను ఎరగనట్టే నిలబడింది. నేనూ ఎరగనట్టే, తల వంచుకుని మాట్లాడాను.