తువ్వాలు కింద నా మిలిటరీ ఉద్యోగం

నేను సైన్యంలో న్యాయాధికారిని కాబోయి ఆగిపోయినవాణ్ణి. ఆగకుండా ఉంటే భుజాల నిండా నక్షత్రాలు ఉండేవి, గుమ్మం దగ్గర తుపాకీ పట్టుకున్న జవాను ఉండేవాడు. సైన్యమే నాకోసం నంద్యాలకు మనిషిని పంపిందని మనవళ్ళకు చాలాసార్లు చెప్పాను. పంపలేదు. నేను జూనియర్‌గా పనిచేస్తున్న పెద్ద ప్లీడరుగారి ఆఫీసుకు రోజూ ఇంగ్లీషు పేపరు వచ్చేది. సైనిక న్యాయశాఖకు లా చదివిన యువకులు కావాలని అందులో ఒక ప్రకటన పడింది. దేశంలో అందరికీ కనబడినట్టే నాకూ కనబడింది. అంతే.

కర్నూలులో డేరాల కింద ప్రభుత్వం నడుస్తున్న రోజులవి. మద్రాసులో లా పూర్తిచేసి వచ్చిన నాకు నంద్యాల మునసబు కోర్టులో దొరికిన పని గట్టు తగాదాలు, అన్నదమ్ముల భాగపంపకాలు, వాయిదాలు. ముఖ్యంగా వాయిదాలు. నల్లకోటు తొడుక్కుని పొద్దున్నే వెళ్ళి, మా పెద్దాయనకు ఒంట్లో బాగాలేదని చెప్పి వాయిదా అడగడమే నా వాదన. ఆ వాదనలో నేను ఎన్నడూ ఓడిపోలేదు. ఒకసారి ఓడిపోయాను. ఒంట్లో బాగాలేదని నేను చెబుతుండగానే పెద్దాయనే నవ్వుకుంటూ వచ్చి నా వెనక నిలబడ్డాడు.

అలాంటివాడు సైనిక కోర్టు గురించి పుస్తకం తెచ్చుకుని చదివితే ఏమవుతుంది? తప్పుచేసిన సిపాయిని విచారించడానికి అధికారులు వరుసగా కూర్చుంటారట. వాళ్ళకు యుద్ధం తెలుసుగానీ చట్టం తెలియదు. వాళ్ళ పక్కన ప్లీడరు చదువు చదివినవాడు యూనిఫారంలో కూర్చుని, ఇది చట్టం, ఇది కాదు అని చెబుతాడట. కల్నలంతటివాడు నోరుమూసుకుని వినాలట. ఈ నోరుమూసుకోవడం పుస్తకంలో లేదు, నేను కలుపుకున్నాను.

పెద్దాయనతో చెప్పాను. ఆయన తీరిగ్గా ముక్కుపొడుం పీల్చి, "మిలిటరీ కోర్టులో వాయిదాలుంటాయేమప్పా?" అని అడిగాడు.

"ఉండవంటండి. కూర్చుంటే తీర్పు దాకా లేవరంట."

"వాయిదాల్లేకుండా ప్లీడరెట్ల బతుకుతాడు? పిచ్చోడా! పో, పొయి ఆ గట్టు కేసు కాగితాలు రాయిపో."

శరీర పరీక్ష కూడా ఉంటుందని విని కోర్టు ఎదురుగా ఉండే దర్జీ సాయిబు దగ్గరికి వెళ్ళి ఛాతీ కొలవమన్నాను. ఊపిరి బిగబట్టాను. టేపు చూసి నామీద నాకే గౌరవం కలిగింది. సాయిబు మాత్రం టేపు వదలకుండా నిలబడ్డాడు.

"వకీల్ సాబ్, గాలి వదలండి. ఒంటికి కుడతాగానీ గాలికి కుట్టలేను."

వదిలాను. కొలత ఎంతకు దిగిందో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇక మిగిలింది మా నాయన. ఆయన సరేనంటేనే దరఖాస్తు పెడదామనుకున్నాను. మాది ఆళ్ళగడ్డ పక్క పల్లె. సేద్యంలో ఒక ఎద్దు ముసలిదైపోయిందని, దాని జతకు కొత్తది కొనడానికి ఆళ్ళగడ్డ సంతకు పోతూ నాయన నన్ను రమ్మన్నాడు. బండిలో ఇద్దరమే. ఊరు దాటాక చెప్పేశాను.

"మిలిటరీలో ప్లీడరేందిరా? ఆడ కాల్చేదే గదా?"

"కాల్చినోనికి గూడా ప్లీడరు కావల్ల నాయనా."

కాసేపు ఎడ్ల తోకల వంక చూశాడు. "మీయమ్మకు చెప్పినావా?"

"లేదు."

"చెప్పద్దు. ఇంట్లో పొయ్యి ముట్టించదు. ఎన్నేండ్లుండల్ల ఆడ?"

నేను నోరు తెరిచేలోపు దారిలో మా మేనమామ బండెక్కాడు. ఆయన చెవిలో పడ్డ మాట ఆయనకంటే ముందు మా అమ్మ దగ్గరికి చేరుతుంది. ఇద్దరం ఎండల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టాం.

సంతలో ఎద్దుల బేరం నోటితో జరగదు. కొనేవాడు, అమ్మేవాడు చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుకుంటారు. లోపల ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర. చుట్టూ ఎంతమంది మూగినా తువ్వాలు తప్ప ఏమీ కనబడదు. ఆ బేరంలో మా నాయనను మించినవాడు ఆళ్ళగడ్డ చుట్టుపక్కల లేడని చెప్పుకునేవాళ్ళు. ఆయన సూత్రం ఒకటే: "వేళ్ళు అబద్ధమాడతాయి, అరచెయ్యి ఆడలేదు. చెమట పట్టిందంటే వాని మనసు బయటపడినట్టే."

ఎద్దు బేరం తెగింది. మామ దాని పళ్ళు ఇంకోసారి చూసుకుంటూ మా పక్కనే నిలబడ్డాడు. నాయన నన్ను బండి నొగ మీద కూర్చోమని, తానూ కూర్చుని, భుజం మీది తువ్వాలు తీసి నా కుడిచేతి మీద కప్పాడు. దాని కిందికి తన చెయ్యి దూర్చాడు.

"ఇంగ చెప్పు. దారిలో అడిగినదానికి."

ఎన్నేళ్ళు అని అడుగుతున్నాడని తెలియడానికి నాకు కొంచెం సేపు పట్టింది. ఆయన అయిదు వేళ్ళూ కలిపి పట్టుకున్నాను. ఆయన విదిలించుకుని నా వేలు ఒక్కటి పట్టుకున్నాడు.

"అంత తక్కువకు రాదు నాయనా."

మామ తల తిప్పాడు. "ఏంది బావా, ఎద్దు బేరం అయిపాయె గదా? కొడుకుతో ఇంగేం బేరం చేస్తాండావ్?"

"దూడ బేరంలేప్పా. నువ్వా పళ్ళు సూడు."

"యాడుంది దూడ?"

"ఉందిలే. నీకెందుకు?"

నేను నాలుగు పట్టుకున్నాను. ఆయన మళ్ళీ ఒకటే. నేను మూడుకు దిగాను. ఆయన ఈసారి నా వేళ్ళు రెండు పట్టుకున్నాడు. మేమిద్దరం ఇలా తెంచుకుంటే సరిపోతుందా, అవతల సైన్యాన్ని కూడా ఒక మాట అడగాలా అన్న ఆలోచన ఎవరికీ రాలేదు. అప్పుడే తువ్వాలు కింద తడి తగిలింది.

మనవళ్ళకు చెప్పేటప్పుడు ఆ చెమట మా నాయనది. అంతటి బేరగాడి అరచెయ్యి కొడుకు కోసం తడిసిపోయింది, అది తెలిసి కొడుకు కరిగిపోయి కల్నల్ల కొలువు వదులుకున్నాడు. కథ ఇక్కడికి రాగానే మా ఆవిడ లేచి వంటింట్లోకి పోతుంది. ఆవిడకు నిజం తెలుసు. నాయన చెయ్యి ఎండాకాలం చేనులా పొడిగా ఉంది. చెమట నాదే, మణికట్టు దాకా కారింది. పొద్దున్నుంచీ ఆయన వద్దంటాడని, వద్దంటే బాగుండునని ఎదురుచూస్తున్నాను. రెండేళ్ళకు ఒప్పుకుంటాడని నేననుకోలేదు. ఎక్కడో మన మాట వినబడని చోట, ఒక సిపాయి ప్రాణం గురించి చట్టం ఏమంటుందో నేను చెప్పాలి. మునసబు కోర్టులో తప్పు చెబితే గట్టు ఒక మూర జరుగుతుంది. పైకోర్టుకు పోయి మళ్ళీ వెనక్కి జరుపుకోవచ్చు. చచ్చినవాణ్ణి ఎటు జరుపుతాం?

నాయన నా అరచెయ్యి బొటనవేలితో ఒకసారి రాసి చూశాడు. నా మొహం వైపు చూడలేదు. తువ్వాలు లాగి, దులిపి, భుజాన వేసుకున్నాడు.

"తెగలేదు. ఈ దూడ యాడికీ పోదు," అన్నాడు మామతో.

"ఏం బావా, జబ్బా?"

"జబ్బేం లేదు. ఇంటికాడి గుంజ దిక్కే సూస్తాంది."

సిగ్గుపడాల్సింది. కానీ ఒళ్ళంతా తేలికైపోయి విపరీతంగా ఆకలేసింది. దారిలో కొత్త ఎద్దు పగ్గం పట్టుకుని బండి వెనక నడిచాను. మామ నన్నేదో అడిగాడుగానీ ఏం చెప్పానో గుర్తులేదు. ఈల వేస్తున్నాననుకుంటాను.

మేము కాళ్ళు కడుక్కునేలోపే మామ అమ్మకు సంత సంగతులన్నీ ఒప్పజెప్పేసి తన ఊరికి వెళ్ళిపోయాడు. అమ్మ మా ఇద్దరికీ సంగటి పెట్టి, విసనకర్రతో ఎదురుగా కూర్చుంది.

"దూడను బేరమాడినావంట? ఏదీ?" అని నాయనను అడిగింది.

ఆయన తల ఎత్తలేదు. "ఇంట్లోనే ఉండాది. సంగటి తింటాంది సూడు."

అమ్మ నా వంక చూసింది. నేను పళ్ళెం వంక చూశాను. ఆమెకు ఎంతవరకు అర్థమైందో ఇప్పటికీ నాకు తెలియదు. విసనకర్ర పక్కన పెట్టి, తెడ్డుతో ఇంకో ముద్ద తీసి నా పళ్ళెంలో వేసి, మధ్యలో గుంత చేసి నెయ్యి పోసింది.

"ఇంటి దూడను సంతకు తోలుకపోతారాయ్యా ఎవురన్నా?" అంది నాయనతో.

"తోలుకపోలేదు. అదే పోతాననె," అన్నాడాయన.

నేను నెయ్యి గుంతకు గట్టు తెగకుండా ఒక పక్కనుంచి తినడం మొదలుపెట్టాను.