కాసాయి గట్టు మీద పచ్చజెండా

అప్పారావు గట్టు దిగువన గోతిలో పడి ఉన్నాడు. సైకిలు అతని కాలి మీద ఉంది. పచ్చజెండా కర్రకు చుట్టి, తాడుతో బిగించి, వెనక క్యారియర్‌కే కట్టి ఉంది. అంతకు కాసేపటి ముందే, రెండు వంపుల అవతల, ఆ జెండా పైకెత్తి అతను మా వెనకాలే రావడం నేనూ సింహాచలమూ చూశాం.

దెయ్యాల కథలు పట్టుకొచ్చే కుర్ర విలేకరులను తిప్పి పంపడం చాలా ఏళ్లు పత్రికలో నా ఉద్యోగంలో భాగం. ఎవరు చూశారు, ఎంత దూరం నుంచి, వెలుతురు ఎలా ఉంది అని అడిగేవాణ్ణి. సాధారణంగా కథ అక్కడితో అయిపోయేది. ఇప్పుడు జవాబులు నేను చెప్పాలి. చూసింది నేనే. మిట్టమధ్యాహ్నం. మా మధ్య దూరం ఆరేడు గూడ్సు వ్యాగన్ల పొడవు ఉంటుందేమో.

మావన్నీ ఖరగ్‌పూర్ రైల్వే కుటుంబాలే. సింహాచలం గూడ్సు డ్రైవరుగా, అప్పారావు గార్డుగా రిటైరయ్యారు. చాలాకాలం ఒకే బండి మీద పనిచేశారు. బండి వంపు తిరిగేటప్పుడు డ్రైవరు వెనక్కి చూడాలి. చివరి పెట్టెలోంచి గార్డు పచ్చజెండా చూపాలి. వెనక అంతా క్షేమం, నువ్వు పోనీ అని దానర్థం. సైకిళ్ల మీద తిరగడం మొదలుపెట్టాక కూడా వాళ్లకు ఆ అలవాటు పోలేదు. ముందు సింహాచలం, చివర జెండాతో అప్పారావు, మధ్యలో నేను.

"నువ్వేటి, లోడువి. నోర్మూసుకుని మజ్జిన రా" అనేవాడు అప్పారావు నన్ను.

ఆ చలికాలం పొద్దున ఖరగ్‌పూర్‌లోని పూరీ గేట్ నుంచి బయల్దేరి, కాసాయి నది గట్టు పట్టుకుని చాలా దూరం పోయాం. తిరుగు ప్రయాణంలో ఎదురుగాలి. అరవై దాటిన కాళ్లు. మాటలు ఎప్పుడో ఆగిపోయాయి. ఇటుకల బట్టీ దాటాక గట్టు రెండుసార్లు వంపు తిరుగుతుంది. మొదటి వంపులో సింహాచలం గంట కొట్టి వెనక్కి చూశాడు. నేనూ చూశాను. అప్పారావు నీలం స్వెట్టరు, పైకెత్తిన పచ్చజెండా. రెండో వంపులోనూ అంతే.

గట్టు చివర టీకొట్టు దగ్గర ఆగాం. టీ తాగడం అయింది. అతను రాలేదు. పంక్చరు పడి ఉంటుందనుకుని వెనక్కి తిరిగాం. రెండో వంపు పక్కన వంగతోటలో పనిచేసుకుంటున్న ఒకామెను అడిగితే, మీరిద్దరే వెళ్లారు దాదా, మీ వెనక ఎవరూ రాలేదే అని బెంగాలీలో చెప్పింది.

అప్పారావు దొరికింది ఇటుకల బట్టీ పక్కన. అంటే మొదటి వంపుకు ముందే.

"అరిసినాను. మీరు నాకు కనబడతానే ఉన్నారు. ఒక్కడూ తిరిగి సూడలేదు" అన్నాడు.

జెండా తాడు ముడి పళ్లతో విప్పింది నేనే. ఆ కర్రను అతని కాలికి దన్నుగా కట్టి, టోటో అనే బ్యాటరీ రిక్షాలో మేదినీపూర్ ఆసుపత్రికి తీసుకెళ్లాం. తొడ ఎముకకు రాడ్డు వేశారు.

కాలి నొప్పి కన్నా అతన్ని తొలిచింది వేరే. మర్నాడు సింహాచలంతో, "సూడలేదని ఒప్పీసుకో. అలిసిపోనావు. నానేటీ అనను" అన్నాడు.

"సూసినాన్రా. నువ్వు జెండా సూపించినావు."

ఒక గార్డుతో అనకూడని మాట అది. క్షేమం కాకపోయినా క్షేమమని జెండా చూపావనడం. అప్పారావు ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. నేనూ చూశానని చెబితే, "నువ్వు ఆడి పార్టీ" అన్నాడు.

తర్వాత నెలల తరబడి ఇద్దరికీ మాటల్లేవు. ఎదురెదురు ఇళ్లు. ఒకడు వాకిట్లోకి వస్తే రెండోవాడు లోపలికి పోయేవాడు. చివరికి సింహాచలమే విసిగిపోయాడు. "సూడలేదని సెప్పేస్తాను. ఈ వయసులో ఆడితో తగువు నాకొద్దు" అని నన్ను వెంటబెట్టుకు వెళ్లాడు.

అప్పారావు వరండాలో వాకర్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. సింహాచలం తలొంచుకుని, "ఆ రోజు నాను ఎనక్కి సూడలేదురా. తప్పైపోనాది" అన్నాడు.

అప్పారావు అతని ముఖంలోకి చాలాసేపు చూశాడు.

"వంపు కాడ ఎనక్కి సూడకండా నువ్వెప్పుడు ఎళ్లినావురా?" అన్నాడు మెల్లగా. "సూసుంటావు. మరి నీకు కనబడ్డోడు ఎవుడు?"

అతని భార్య టీ తెచ్చింది. తాగాం. తగువు ఆ పూటతో తీరిపోయింది. ఇప్పుడు మళ్లీ సాయంత్రాలు ముగ్గురం అదే వరండాలో కూర్చుంటున్నాం. సైకిళ్ల ఊసు ఎవరూ ఎత్తరు.

ఆ రెండు వంపుల్లో మాకు జెండా చూపించిందెవరో, పడి ఉన్న మనిషిని వదిలి మమ్మల్ని ముందుకు ఎందుకు పొమ్మన్నారో, మాలో ఎవరికీ ఇప్పటికీ తెలీదు.